టికెట్ లేని కల్చరు

లండన్‌లో ఆదివారం పొద్దున పది గంటలైతే ముద్దనూరులో మధ్యాహ్నం రెండున్నర. చలికాలంలో మూడున్నర. ఈ లెక్క మా వీధిలో బడికి పోని పిల్లలకు కూడా వచ్చు. ఎందుకంటే సరిగ్గా ఆ వేళకే మా అక్క కొడుకు వాట్సాప్ స్టేటస్‌లో కల్చరు మొదలవుతుంది. అన్నాలు తిని, రొంత నడుం వాల్చి లేచిన బంధువర్గమంతా ఫోన్లు తీస్తుంది. అబ్బోడు ఇయ్యాల యాడికి పోయినాడో చూడాల కదా.

వాడు అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. విద్యార్థి వీసా మీద వచ్చినవాణ్ణి కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వదు అక్కడి ప్రభుత్వం. ఆ 20 గంటలూ మావాడు ఒక గోడౌన్లో అట్టపెట్టెలు ఎత్తి దించుతాడు. మిగిలిన కాలమంతా చదువుతాడని మా బావ నమ్మకం. గోడౌను ఏనాడూ స్టేటస్‌కెక్కలేదు. అట్టపెట్టె ఎక్కలేదు. నలుగురు పంచుకునే గదీ ఎక్కలేదు. ముద్దనూరుకు తెలిసిన లండన్‌లో వారానికి ఏడు రోజులూ ఆదివారమే.

ఆ ఆదివారం ఎక్కడికి పోవాలన్నది వాడి అభిరుచి నిర్ణయించదు, టికెట్ నిర్ణయిస్తుంది. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచినప్పటి నుంచీ దాదాపు ఎప్పుడూ ఉచితమే. మిగతా జాతీయ మ్యూజియాల్లో ఉన్న టికెట్లను కూడా 2001 డిసెంబరులో ఎత్తేశారు. వాడుండేది ఈస్ట్‌హామ్‌లో. దోసెలూ ఇడ్లీలూ దొరికే మనవాళ్ళ పేట అది. అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కితే ఎక్కడా మారకుండా సౌత్ కెన్సింగ్‌టన్‌లో దింపుతుంది. దిగితే అన్నీ మ్యూజియాలే. లోపల వెచ్చగా ఉంటుంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, వైఫై ఊరికే వస్తుంది. గదిలో హీటరు వేస్తే కరెంటు బిల్లు నలుగురి నెత్తినా పడుతుంది. చలిలో రాచఠీవి ఉన్న కట్టడంలోకి పోయి కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా సంస్కారవంతుడనిపించుకోవచ్చు. ఇంగ్లండులో పరదేశీ విద్యార్థుల కళాతృష్ణకు ఇంతకంటే లోతైన కారణాలు వెతకనక్కర్లేదని నా అనుభవం మీద కాక, వాడి అనుభవం మీద చెబుతున్నాను.

మొదట చూసింది నేచురల్ హిస్టరీ మ్యూజియం. నడిమి హాల్లో పైకప్పుకు వేలాడదీసిన నీలి తిమింగిలం ఎముకల గూడు. పాతిక మీటర్ల పొడవు. 1891లో ఐర్లండు ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. దాని కింద మావాడు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. వాళ్ళ జేజి ఫోను దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూసింది.

"ఇంత పెద్ద చాపను ఏ గుండిగలో వండినార్రా?"

"అది చాప కాదు జేజీ, మనలాగా పిల్లల్ని కనేది."

"అయితే ఎముకలు తీసి తగలగట్టడమెందుకు, పాపం. పూడ్చి పెట్టకూడదా?"

వారం తిరిగేసరికి నేషనల్ గ్యాలరీ. వాన్‌గో 1888లో వేసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మ. దాని ముందు నిలబడి ఫోటో దిగడానికి జనం వరసలో ఉంటారట. మా బావ నల్లరేగట్లో ఒక ఏడు శనగ, ఒక ఏడు పొద్దుతిరుగుడు వేసే మనిషి. ఆ బొమ్మను పెద్దది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసి తీర్పు చెప్పినాడు: "తలలు వాల్చేసినాయి. నీళ్ళు అందలే. గింజ కూడా సరిగా పట్టినట్టు లేదు." ప్రపంచంలోని కళావిమర్శకులందరూ ఆ బొమ్మలో ఒంటరితనం చూశారు, పిచ్చి చూశారు, మృత్యువును చూశారు. దిగుబడి చూసినవాడు మా బావ ఒక్కడే. వాన్‌గో బతికుండగా చిత్రాలు అమ్ముడుపోక తమ్ముడు పంపే డబ్బుతో నెట్టుకొచ్చాడు కాబట్టి, ఆయన ఉండి ఉంటే ఈ విమర్శనే దగ్గరగా వచ్చిందని ఒప్పుకునేవాడు.

చిక్కు వచ్చింది టవర్ ఆఫ్ లండన్ దగ్గర. అదీ డిస్ట్రిక్ట్ లైన్ మీదే ఉంది, కానీ టికెట్టు ముప్పై పౌండ్ల పైమాటే. రూపాయల్లోకి మార్చుకొని మావాడు గేటు బయటే ఆగిపోయినాడు. లోపల కోహినూరు ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్ళు గట్టిగా చెప్పుకునే రాయి. మన రాయిని చూడ్డానికి మనవాడికి మూడువేల రూపాయల పైచిలుకు ఖర్చు. "బయటి గోడ" అని రాసి ఒక ఫోటో పెట్టినాడు.

ఆ ఫోటో ఎలాగో ప్రొద్దుటూరు చేరింది. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం అంగళ్ళ వీధిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర కూర్చొని నేను కోహినూరు కథ చెబుతున్నాను. 1849లో లాహోరు చిన్న రాజు చేతిలోంచి కంపెనీ వాళ్ళు ఒప్పందం పేరుతో తీసుకున్నారని చెబితే ఆయన కదల్లేదు. విక్టోరియా రాణికి సమర్పించారని చెప్పినా కదల్లేదు. మెరుపు చాల్లేదని 1852లో మళ్ళీ సానబట్టించారు, 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్ల చిల్లరకు దిగింది అనగానే చేతిలో త్రాసు కింద పెట్టేసినాడు.

"ఎనభై క్యారెట్లు తరుగా?"

"అవునంట."

"తరుగు మాదిరి అంత తీసి ఈ వీధిలో అంగడి పెట్టగలడా ఎవడన్నా? మజూరీ మళ్ళీ వేరేనా?"

మజూరీ వేరేనని చెప్పినాను. వలస పాలన గురించి నేను చదివిన పుస్తకాల్లో ఏదీ ఆయనకు అంత కోపం తెప్పించి ఉండదు.

ఇంతకీ ఈ స్టేటస్‌ల అసలు గిరాకీ ఎక్కడంటే సంబంధాల దగ్గర. మా మండలంలో సంబంధాలు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఫోనులో ఒక్కో అబ్బాయికి ఒక్కో ఫోల్డరు. మావాడి ఫోల్డరులో డిగ్రీ సర్టిఫికెట్టు అడుగున ఉంటుంది. పైన బ్రిటిష్ మ్యూజియం స్తంభాల ముందు కోటు వేసుకున్న ఫోటో. ఆ కోటు గదిలో నలుగురిదీ. ఏ ఆదివారం ఎవరికి ఫోటో అవసరమైతే వాళ్ళు వేసుకుంటారు. "స్తంభాలు బాగుండాయి. పిల్ల తరపు వాళ్ళు ఆఫీసనుకుంటారు, అననీలే" అన్నాడు పెద్దాయన. లండన్ పోవడానికి మా బావ నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఆ అప్పు తీరే దారి గోడౌనులో లేదు, ఎమ్మెస్సీలోనూ కనబడ్డం లేదు, ఆ స్తంభాల్లో ఉందని ఇంట్లో అందరికీ లోలోపల ఒక ఆశ. కల్చరు కూడు పెడుతుందా అని అడిగే కాలం పోయింది. ఇప్పుడు వడ్డీ కడుతుందా అన్నదే ప్రశ్న.

ఆ స్తంభాలు దాటి లోపలికి పోయినప్పుడు వాడు రెండు ఫోటోలు పెట్టినాడు. రెంటికీ పట్టిన గతి వేరు వేరు.

ఒకటి రోసెట్టా రాయి. ఈజిప్టుది, క్రీస్తుపూర్వం 196 నాటిది. దాని చుట్టూ జనం ఎంత ఉన్నారంటే ఫోటోలో రాయి కంటే చేతులే ఎక్కువ. బంధువులు దండాల బొమ్మలు పెట్టినారు. ఒక చిన్నాయన "ఏ దేవుడు నాయనా?" అని అడిగినాడు. దేవుడు కాదు. రాజుగారు గుళ్ళకూ పూజారులకూ పన్నులు తగ్గించినందుకు పూజారులంతా కూడి ఆయన్ను పొగుడుతూ వేయించిన తీర్మానం అది. మూడు లిపుల్లో చెక్కిన జీవో అనుకోండి. రాజుకు పాలాభిషేకం ఒక్కటే తక్కువ.

అలాంటి రాయి మాకూ ఉంది. మా ఊరికి ఇంచుమించు పక్కనే కలమళ్ళ. అక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడిది, సుమారు క్రీస్తుశకం 575 నాటిది. మనకు దొరికిన మొట్టమొదటి తెలుగు శాసనం అదేనని పండితుల మాట. పద్యం కాదు, పాట కాదు, అదీ రాజుగారి వ్యవహారమే. ప్రాచీన హోదా కావాలని ఢిల్లీని అడిగినప్పుడు మనవాళ్ళు ముందు చూపించిన ఆధారాల్లో ఆ రేనాటి రాళ్ళున్నాయి. 2008లో హోదా వచ్చింది. ఇంతకీ కలమళ్ళ అంటే మావాడికి గుర్తొచ్చేది రాయలసీమ థర్మల్ ప్లాంటు. పొగగొట్టాలు ఇంటి మిద్దె మీద నుంచి కనిపిస్తాయి. గుడి కనిపించదు. కనిపించనిదాన్ని చూడ్డానికి పోవాలంటే ఎవడో ఒకడు పరదేశి అయ్యుండాలి.

రెండో ఫోటో అమరావతి చలువరాళ్ళది. గాజు తలుపుల వెనక, చల్లగా, ప్రత్యేకంగా ఒక గది కట్టి పెట్టినారు. 1845లో కంపెనీ దొర వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. ఆ గదిలో జనం లేరు. మావాడు చాలాసేపు ఒక్కడే తిరిగినాడట. ఏనుగును లొంగదీస్తున్న బుద్ధుడి శిల్పాన్ని తలచుకొని వెతికినాడట; అది మద్రాసు మ్యూజియంలోనే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. ఒక పలక మీద ఆడవాళ్ళ గాజులు, కడియాలు, ఒడ్డాణాలు చూసి ఫోటో తీసి, కింద మొట్టమొదటిసారి తెలుగులో రాసినాడు: మనవే.

ఆ స్టేటస్‌ను ఎవరూ పట్టించుకోలేదు. దండాలు లేవు, చప్పట్లు లేవు. సాయంత్రానికి మా అక్క ఫోను చేసి అడిగింది: "ఏమ్రా, లండన్‌కు పోయి రాళ్ళు తీస్తాండావు? అవి గండికోటలో లేవా?"

ఉన్నాయి. ముద్దనూరు స్టేషన్లో దిగి బస్సో ఆటోనో పట్టుకుంటే జమ్మలమడుగు దారిలో గండికోటకు గంట ప్రయాణం కూడా కాదు. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, జైలు, పావురాల గోపురం, కింద ఎర్రమల కొండల్ని చీల్చుకుపోయే పెన్న. మావాడు అక్కడికి ఒకే ఒకసారి పోయినాడు, ఆరో తరగతిలో, బడి వాళ్ళు తీసుకుపోతే. గుర్తున్నది కోతి పులిహోర పొట్లం లాక్కుపోవడం.

ఇక్కడ వాడి మీద రాళ్ళు వేయడం చాలా సులభం. సొంతూరు చూడనివాడు లండన్ చూసినాడని నాలుగు మాటలు అనేసి కాలమ్ ముగించొచ్చు. అలా అనేవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ భోజనాల పంక్తిలో నా పక్కనే కూర్చుంటారు, వాళ్ళూ గండికోట చూసి ఉండరు. పోలిక పెట్టాలంటే సరైనవాడితో పెట్టాలి.

అలాంటి కుర్రాడు ఒకడున్నాడు. కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులో హైలీబరీ కాలేజీలో తర్ఫీదై, 1817లో మద్రాసులో దిగినాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. పెద్ద పట్నంలో పరదేశి, భాష రాదు. 1820లో కడపకు వేసినారు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆ తర్వాత ఆయన చేసిన పనులు మీకు తెలుసు: వేమన పద్యాలను 1829లో అచ్చు వేయడం, కడపలో బంగళా కొని సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని తాటాకులు వెతికించడం, 1852లో నిఘంటువు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరూ తిరిగి చందాలు పోగేసి నిలబెట్టింది.

బ్రౌన్‌ను చూసి నేర్చుకోరా అని మావాడికి నేనూ చెప్పబోయినాను. అంతలో లెక్క గుర్తొచ్చింది. బ్రౌన్‌కు వారానికి 20 గంటల నిబంధన లేదు. ఆయన కడపలో దొర. కచేరీ ఆయనది, బంట్రోతు ఆయన మనిషి, నెల జీతం పండితులకు ఇచ్చేంత ఉండేది. అలాంటి పరదేశీతనం ఎవరికైనా అభిరుచులు పెంచుతుంది. మావాడికి ఒక ఐదేళ్ళు లండన్‌లో కలెక్టరు ఉద్యోగం ఇచ్చి, బంగళా ఇచ్చి, వీసా గడువు ఎత్తేసి చూడండి. షేక్‌స్పియర్‌కు టీకాతాత్పర్యాలు రాయకపోతే అప్పుడు అడగండి.

అయినా ఒక మాట అన్నాను. బ్రౌన్ 1884లో లండన్‌లోనే పోయినాడు, సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఈస్ట్‌హామ్‌లో ఎక్కి ఎంబాంక్‌మెంట్‌లో దిగి బేకర్లూ లైను పట్టుకుంటే అయిపాయె. టికెట్ కూడా లేదు. ఒక పువ్వు పెట్టి రారా అన్నాను.

"శ్మశానం ఫోటో స్టేటస్‌లో పెడితే నాయన చంపుతాడు మామా. సంబంధాలు చూస్తాండారు."

"ఫోటో తీయొద్దు. ఊరికే పోయి రా."

అవతల కాసేపు మాట లేదు. ఫోటో లేకుండా పోవడమనే సంగతి వాడికి కొత్త. "అట్లా పోతే ఎవరికి తెలుస్తుంది మామా?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. పోయినాడో లేదో నాకూ తెలీదు.

మావాడు అక్కడ తిరుగుతుంటే, ఇక్కడ గండికోటకు శని ఆదివారాలు బెంగుళూరు, హైదరాబాదు నుంచి గుడారాలతో జనం దిగుతున్నారు. అమెరికా లోయ పేరు అరువిచ్చినాక గిరాకీ పెరిగింది. పొద్దు పొడవడం చూస్తారు, నూడిల్స్ కాచుకుంటారు, ప్లాస్టిక్ వదిలిపెట్టి పోతారు. పరదేశులు రావడం ఆ కోటకు కొత్త కాదు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ముత్యాలు, రత్నాలు చూపించడానికి ఆ కొండెక్కినాడు. ఆయన పుస్తకంలో కోట దారి ఉంది, మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పోసే తన దేశపువాడు ఉన్నాడు. సరుకు అమ్ముకోడానికి వచ్చినవాడు కూడా అన్నేసి సంగతులు రాసుకున్నాడు. ప్రొద్దుటూరు పెద్దాయనకు ఈ సంగతి చెబితే, తరుగు ఎంత అడిగినాడో రాసినాడా అన్నాడు.

పోయిన సంక్రాంతికి మావాడు వచ్చినాడు. వెంట గదిలో ఉండే పోలండు కుర్రాడు. వాడూ లండన్‌లో పరదేశే, ఉమ్మడి కోటులో వాడికీ వాటా ఉంది. ముద్దనూరు స్టేషన్లో తెల్లవాడు దిగినాడని తెలిసి మా బావ ఇంటికి జనం వచ్చిన తీరు చూస్తే ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుడు కూడా కుళ్ళుకుంటాడు. పొయ్యి మీద సంగటి ఉండాది, నాటుకోడి ఉండాది. అవి కనబడకుండా మూతలు పెట్టి, ప్రొద్దుటూరు నుంచి పిజ్జా తెప్పించినారు. బండి మీద వచ్చేసరికి అది చెక్కలాగా గట్టిపడింది. వాడు మర్యాదగా నమిలినాడు. మా అక్క మర్యాదగా ఇంకో ముక్క వేసింది.

మర్నాడు గండికోటకు తీసుకుపోయినాము. వాడు బాగుందన్నాడు. ఎవరు కట్టినారని అడిగినాడు. మేము ఐదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. మావాడు ఫోను తీసి ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే వాడికి చెప్పినాడు. కోటను ఏలిన పెమ్మసాని వాళ్ళ పేరు వచ్చినప్పుడు మాత్రం మా బావ గర్వంగా తల ఊపినాడు.

తిరుగు దారిలో అసలు వింత జరిగింది. థర్మల్ ప్లాంటు కనబడగానే పోలండువాడు బండి ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన కంపచెట్ల మధ్యన నిలబడి, నోరు తెరుచుకొని చూసినాడు. వాళ్ళది సైలీషియా, బొగ్గు గనుల సీమ. తాత గనిలో, నాయన గనిలో. ఇప్పుడు అక్కడ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, కొన్నిటిని మ్యూజియాలు చేసి టికెట్లు పెట్టినారట. వాడు ఎన్ని మెగావాట్లని అడిగినాడు. ఈసారి అందరం ఒక్కసారిగా 1650 అన్నాము. బొగ్గు ఎక్కడిదన్నాడు. సింగరేణి నుంచి వ్యాగన్లలో వస్తుందని మా బావ, బూడిద పొలాల మీద ఎట్లా పడుతుందో వీధిలోని మరొకాయన, కాంట్రాక్టు ఉద్యోగాలు ఎవరి మాట మీద వస్తాయో డ్రైవరు, ఒకరి మీద ఒకరు పడి చెప్పినారు. కోట దగ్గర మూగబోయిన జనం ఇక్కడ ఆగలేదు. మావాడికి ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి ఊపిరాడలేదు. వాడు అన్నీ అడిగి అడిగి వింటున్నాడు.

చివర్లో పొగగొట్టాలు వెనక కనిపించేలా మావాడూ వాడూ భుజాల మీద చేతులేసుకొని ఫోటో దిగినారు. సాయంత్రానికి స్టేటస్‌లో పడింది. ఏ ఊరో రాయలేదు. దండాలే దండాలు, చప్పట్లే చప్పట్లు. రాత్రి సంబంధాల పెద్దాయన ఫోను.

"ఈ ఫోటో బో బాగుండాదబ్బీ. తెల్లోడు పక్కనే ఉండాడు, వెనక పెద్ద ఫ్యాక్టరీ ఉండాది. నువ్వు పని చేసేది ఆడేనా? ఏ దేశం?"

"కలమళ్ళ, పెదనాయనా."

పెద్దాయన కొంచెంసేపు ఆలోచించుకున్నాడు.

"ఎవరికీ చెప్పొద్దు. పైన పెడతా."